కరగని రేణువు

కర్ణాటకలోని కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో బంగారం పలుగురాతిలో ఇమిడి ఉండేది. దాన్ని బయటికి తీయాలంటే రాతిని తొలచాలి, మందు పెట్టి పేల్చాలి, పైకి తెచ్చి పిండి కొట్టాలి. టన్ను రాతికి దక్కే బంగారం గ్రాముల్లోనే. తక్కినదంతా పొడి. 1880ల నుంచి 2001 ఫిబ్రవరి 28న మూతపడేదాకా ఆ గనులు దాదాపు 800 టన్నుల బంగారం ఇచ్చాయని చెబుతారు. ఆ లెక్క చాలామందికి తెలుసు. ఆ పొడిలో ఎంత భాగం మనుషుల ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందో ఎవరూ తూచలేదు.

చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు ఆ గనుల చుట్టూ లైన్ ఇళ్లలో స్థిరపడ్డాయి. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుళాయి దగ్గర వినిపించే ఊరది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది దళితులు. ఊళ్లో భూమి లేక, ఉన్న కూలికి గౌరవం లేక, నెలజీతం దొరుకుతుందని వచ్చినవాళ్లు. 1902లోనే శివనసముద్రం నుంచి ఆ గనులకు కరెంటు వచ్చింది. షాఫ్టులు మూడు కిలోమీటర్ల లోతు దాటాయి. అంత లోతున రాయి చేతికి వేడిగా తగిలేది. కేజ్ అనే గని లిఫ్టులో దిగి, ఆ ఉక్కలో డ్రిల్లు పట్టుకుని రాతి ముఖాన నిలబడినవాడికి కంటికి కనిపించే దుమ్ముతో పెద్ద ప్రమాదం లేదు. అది ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, దగ్గితే పోతుంది. ప్రమాదమంతా కనిపించని దుమ్ముతోనే. మిల్లీమీటరులో రెండువందలో వంతు కన్నా చిన్న రేణువులు గాలిలో గంటల తరబడి తేలుతూ ఉండి, పీల్చినప్పుడు ఊపిరితిత్తుల అట్టడుగున ఉన్న గాలిగదుల దాకా వెళ్లిపోతాయి.

అక్కడ ఏం జరుగుతుందో కొంచెం నిదానంగా చూడాలి. ఎందుకంటే నేను చెప్పదలచిన మాట అంతా అక్కడే ఉంది.

గాలిగదుల్లో మాక్రోఫేజ్ అనే కణాలు తిరుగుతూ ఉంటాయి. సూక్ష్మజీవి కనిపించినా, మసి కనిపించినా మింగి అరిగించేయడం వాటి పని. పలుగురాతి రేణువును కూడా అలాగే మింగుతాయి. రాయి అరగదు. అప్పుడే పగిలిన రాతికి అంచులూ పదునే, పైపొర రసాయనికంగానూ చురుకే. కణంలో జీర్ణరసాలు దాచుకున్న చిన్న సంచి ఆ రేణువు తాకిడికి చిట్లుతుంది. రసాలు కణంలోకే పారతాయి. చనిపోయే ముందు ఆ కణం రెండు ముఖ్యమైన సందేశాలు పంపుతుంది. ఒకటి ఇంటర్‌ల్యూకిన్-1, రెండోది ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, అంటే టీఎన్ఎఫ్. ఇలా కణం నుంచి కణానికి కబురు మోసే ప్రొటీన్లను సైటోకైన్లు అంటారు. కబురు అందుకుని మరిన్ని మాక్రోఫేజ్‌లు వస్తాయి. చనిపోయిన కణం వదిలేసిన అదే రేణువును మళ్లీ మింగుతాయి. అవీ చస్తాయి, మళ్లీ కబురు పంపుతాయి. ఈలోగా గాయం మాన్పడానికి వచ్చిన మరో రకం కణాలు చుట్టూ నారపోగుల్లాంటి కొల్లాజెన్ అల్లుతాయి. ఏళ్లు గడిచేసరికి గాలి ఆడాల్సిన చోట ఉల్లిగడ్డ పొరల్లా గట్టి గడ్డలు కడతాయి. దాన్నే సిలికోసిస్ అంటున్నాం. కార్మికుడు గని పని మానేసినా లోపలి పని ఆగదు, రేణువు అక్కడే ఉంది కాబట్టి.

1940 నుంచి 1946 దాకా కోలారు గనుల్లో 7,653 మంది కార్మికులను పరీక్షించారు. 1947లో వెలువడిన ఆ నివేదిక ప్రకారం వందకు 40 మందికి పైగా ఈ జబ్బు ఉంది. మన దేశంలో సిలికోసిస్ గురించి వైద్యగ్రంథాలు తిరగేస్తే కోలారు పేరు తరచూ మొదట్లోనే వస్తుంది.

టీఎన్ఎఫ్ చెడ్డ ప్రొటీన్ ఏమీ కాదు. 1975లో న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం దీన్ని గుర్తించినప్పుడు, ఎలుకల్లో క్యాన్సర్ గడ్డలను చంపే పదార్థంగా లోకమంతా ఆశగా చూసింది. పదేళ్లు తిరిగేసరికి, దీర్ఘరోగుల ఒళ్లు కరిగి ఎండిపోయేలా చేసే పదార్థం ఏదని వెతుకుతున్న వేరే శాస్త్రవేత్తలకు దొరికింది కూడా ఇదే ప్రొటీన్ అని తేలింది. 1990లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పలుగురాతి పదార్థమైన సిలికా ఎక్కించి, టీఎన్ఎఫ్‌కు అడ్డుకట్ట వేసి చూశారు. ఊపిరితిత్తులు గట్టిపడలేదు. అంటే దుమ్ము తనంతట తాను చేసే నష్టం కొంత, ఆ దుమ్ముపై శరీరం చేసే ఎడతెగని పోరాటం వల్ల జరిగే నష్టం అంతకన్నా ఎంతో ఎక్కువ.

ఇక్కడిదాకా చదివినవాళ్లకు ఒక నీతి సులభంగా తోస్తుంది. కోపం కోపగించినవాణ్ణే కాలుస్తుంది, కాబట్టి మరిచిపో, వదిలెయ్, శాంతంగా ఉండు. పెద్దలు చెప్పే మాటే, చాలా సందర్భాల్లో నిజమైన మాటే. కానీ డ్రిల్లు పట్టిన మనిషి మంచం పట్టి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడుతున్నప్పుడు ఆ నీతి చెప్పడానికి నాకు నోరు రాదు. ఆయన మాక్రోఫేజ్ ఏ తప్పూ చేయలేదు. లోపలికి వచ్చింది నిజమైన రాయి. కణం దాన్ని గుర్తించింది, సాయం అడిగింది. కష్టంలో ఉన్న ఎవరైనా చేసే పనే. అన్యాయం ఇంకా ఒంట్లో గుచ్చుకుని ఉన్నవాడికి ఓర్పు బోధిస్తే, అది దుమ్ము లేపినవాడి పక్షం పలకడమే అవుతుంది.

కోపాన్ని బొత్తిగా అణచేస్తే ఏమవుతుందో కూడా ఈ ప్రొటీనే చెప్పింది. 1998లో అమెరికాలో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులకు అనుమతి దొరికింది. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినవాళ్లు, పేగుల వాపుతో నలిగిపోయినవాళ్లు మళ్లీ మామూలు బతుకు బతికారు. అది చిన్న వరం కాదు. అయితే 2001లో, కోలారు గనులు మూతపడిన ఏడాదే, ఒక హెచ్చరిక వెలువడింది. ఈ మందు తీసుకున్న కొందరిలో ఎప్పటినుంచో నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టింది. క్షయ క్రిమిని చంపలేనప్పుడు శరీరం దాని చుట్టూ కణాలతో గోడ కట్టి బంధిస్తుంది. ఆ గోడను నిలబెట్టే వాటిలో టీఎన్ఎఫ్ ముఖ్యమైనది. దాన్ని తీసేస్తే గోడ సడలుతుంది. అందుకే ఇప్పుడు ఈ మందులు మొదలుపెట్టే ముందు డాక్టర్లు క్షయ పరీక్షలు చేయిస్తారు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు క్షయ సోకే ముప్పు మామూలు మనుషులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. గని ఊళ్లలో ఈ రెండు జబ్బులూ జంటగానే నడిచాయి. ఒకే ప్రొటీన్ ఒక రోగి ఊపిరితిత్తులను గట్టిపరచడానికి తోడ్పడుతోంది, మరో రోగిలో క్షయను కట్టడి చేస్తోంది. దాన్ని మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పడానికి లేదు. ఎంతసేపు, ఏ పని మీద అన్నదే అడగాలి.

మన లోపలి కోపాన్నీ అలాగే అడగాలని నాకు అనిపిస్తుంది. ఇందులో కోలారు గనే మరో మెలకువ కూడా నేర్పింది. 1965లో అదే గనిలో, రెండు కిలోమీటర్లకు మించిన లోతులో, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ సహచరులతో కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాల జాడ పట్టుకున్నారు. న్యూట్రినోలు కొండల్లోంచి, గనుల్లోంచి, మన ఒళ్లలోంచి క్షణక్షణం కోట్లాదిగా దూసుకుపోతుంటాయి. దాదాపుగా దేన్నీ తాకవు. రోజంతా మనల్ని దాటిపోయే మాటల్లో, చూపుల్లో ఎక్కువ భాగం అలాంటివే. పక్కింటివాళ్లు పలకరించలేదని, ఫోన్ చేసినవాడు ముక్తసరిగా మాట్లాడాడని రాత్రంతా తలచుకుని బాధపడితే, లేని రాయిని మింగినట్టు మనమే కబుర్లు పంపుకుంటున్నాం. అలాంటివాటిని పోనివ్వడం నిజంగా మంచి బతుకే. గుచ్చుకున్న రాయి సంగతి వేరు. అది దాటిపోలేదు, దాటిపోదు. ఏది దాటిపోయింది, ఏది దిగబడింది అని తనను తాను నిజాయితీగా అడిగి తెలుసుకోవడం ఒక సాధన.

దిగబడిన దానికి ఏం చేయాలి? సిలికోసిస్‌కు ఇప్పటికీ మందు లేదు. గట్టిపడిన ఊపిరితిత్తిని మళ్లీ మెత్తబరచలేం. కానీ దాన్ని రాకుండా ఆపే ఉపాయం మాత్రం చాలా పాతది, చాలా మామూలుది. డ్రిల్లు మొన దగ్గర నీళ్లు పారించాలి. పేల్చాక దుమ్ము పోయేదాకా మనుషుల్ని లోపలికి పంపకూడదు. గాలి ఆడించాలి. మాస్కు ఇవ్వాలి. ఏటేటా ఊపిరితిత్తులు పరీక్షించి, మచ్చ కనిపించిన మనిషిని వేరే పనికి మార్చి, జీతం తగ్గకుండా చూడాలి. వీటిలో ఏదీ కార్మికుడి ఓర్పుకు సంబంధించింది కాదు. అన్నీ డబ్బు ఖర్చుపెట్టగలిగినవాళ్లు చేయాల్సినవే.

ఈ మాట గడిచిన కాలానిది మాత్రమే అయితే ఇంతగా చెప్పేవాణ్ణి కాదు. గనులు మూసి పాతికేళ్లవుతోంది. బంగారం తీయగా మిగిలిన రాతిపొడి మూడు కోట్ల టన్నులకు పైగా, సైనైడ్ దిబ్బలుగా, గనుల ఊళ్లైన రాబర్ట్‌సన్‌పేట, మారికుప్పం చుట్టూ అలాగే పడి ఉంది. ఎండాకాలం గాలి లేస్తే దిబ్బల మీది తెల్లటి పొడి ఇళ్ల మీదికి వస్తుంది. పని లేని ఊరు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు వెళ్లి, రాత్రికి తిరిగి వస్తుంది. గనిలోకి దిగినవాళ్ల పిల్లలు, మనుమలు ఆ నగరంలో దొరికిన పని చేస్తున్నారు. ఇళ్లు కట్టే చోట గ్రానైటు కోస్తే, టైల్స్ కోస్తే లేచే పొడిలోనూ ఉన్నది ఆ సిలికానే. దాన్ని మింగిన మాక్రోఫేజ్ ఇప్పటికీ ఆ రెండు సందేశాలే పంపుతోంది.

మన ఇంటి వంటగట్టు మీద గ్రానైటు నున్నగా మెరుస్తుంటుంది. దాన్ని కోసేటప్పుడు నీళ్లు పోశారా, కోసిన కుర్రాడి ముఖానికి మాస్కు ఉందా అని మనలో ఎంతమందిమి అడిగాం? నీళ్లు పోసి కోయడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, కూలి కాస్త పెరుగుతుంది, ఇల్లంతా తడవుతుంది. అంతే. ఆ కాస్త ఖర్చు మనం పెట్టకపోతే ఆ కుర్రాడు తన ఊపిరితో కడతాడు, అదీ వాయిదాల్లో, పాతికేళ్ల పాటు.

మనశ్శాంతి మన లోపలే ఉందని వింటూ పెరిగాం. సగం నిజమే. మిగిలిన సగం, మన చుట్టూ ఉన్న గాలిలో ఉంది. ఎదుటివాడి కోపం తగ్గాలని కోరుకునే ముందు ఆయన గాలిలో దుమ్ము తగ్గించాలి. దాటిపోయేవాటిని దాటిపోనివ్వడం నా వంతు. ఇంకొకరిలో దిగబడే రాయిని నా సుఖం కోసం పుట్టించకపోవడమూ నా వంతే. మొదటి పని చేతనైతే నాకు నిద్ర పడుతుంది. రెండో పని కూడా చేసినప్పుడే అది బాగా బతకడం అవుతుంది.