వాడిన గాలి

మృగశిర కార్తె వచ్చేదాకా నిజామాబాద్‌లో పాత స్కూటర్లకు గడ్డుకాలమే. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ ఇక్కడ కొత్తేమీ కాదు. ఆ ఎండలో బోధన్ నుంచి బయల్దేరిన బజాజ్ చేతక్ ఎడపల్లి దాటేసరికి గుంజడం తగ్గిస్తుంది, జానకంపేట దగ్గరికొచ్చేసరికి యాక్సిలరేటర్ ఎంత తిప్పినా ముందుకు పోనంటుంది. నడిపే మనిషి ముందు పెట్రోలును అనుమానిస్తాడు, తర్వాత ప్లగ్గును, ఆ తర్వాత కార్బురేటర్‌ను. అన్నీ విప్పి తుడిచి బిగించాక కూడా బండి తీరు మారకపోతే ఇంజనే ముసలిదైందని తీర్మానిస్తాడు. సిలిండర్ మీది రేకు వదులై ఊగుతోందేమో చూద్దామన్న ఆలోచన చాలామందికి చివర్న కూడా రాదు. ఆ రేకు ఏ పనీ చేస్తున్నట్టు కనిపించదు మరి. తిరగదు, మండదు, నూనె కోరదు. చప్పుడు మాత్రం చేస్తుంది, అదీ వదులైనప్పుడే.

చేతక్ 1972లో వచ్చింది. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్న ఆ బండికి నీళ్ళూ లేవు, రేడియేటరూ లేదు. టూ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి క్రాంక్ ఒక చుట్టు తిరిగితే ఒకసారి మండుతుంది. ఆ వేడినంతా గాలికే అప్పజెప్పాలి. మోటారు సైకిల్ ఇంజన్‌కు ఎదురుగాలి తగులుతుంది. స్కూటర్ ఇంజన్ మాత్రం కుడి పక్క డోమ్ కింద ముసుగేసుకుని కూర్చుంటుంది, బండి ఎంత వేగంగా పోతున్నా రోడ్డు గాలి దాని ఒంటికి తగలదు. అందుకని మాగ్నెట్ చక్రానికే ఫ్యాన్ రెక్కలు పెట్టారు. ఇంజన్ తిరిగినంతసేపూ ఫ్యాన్ తిరుగుతుంది, గాలిని విసురుతుంది. అంతటితో దాని పని సరి. ఆ గాలిని పట్టుకుని సిలిండర్ చుట్టూ ఉన్న సన్నటి పలకల మధ్యలోకి తోసి, అవతలికి సాగనంపేది రేకు. గాలికి బద్ధకం ఎక్కువ. పక్కన సందు దొరికితే పలకల ఇరుకులో ఎందుకు దూరుతుంది? రేకు కాస్త పైకి లేచిందంటే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి వస్తూనే ఉంటుంది, ఇంజన్ కాలుతూనే ఉంటుంది.

ఇంతవరకు కొంచెం మెకానిజం తెలిసినవాళ్ళెవరైనా చెబుతారు. రేకు చేసే రెండో పని మీద నాకు ఎక్కువ గౌరవం. వేడెక్కి బయటపడ్డ గాలి తిరిగి ఫ్యాన్ నోట్లోకి రాకుండా అది అడ్డుగా నిలబడుతుంది.

ఇది బాగా అర్థం కావాలంటే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు వెనక మూత ఎత్తి చూడాలి. మన రోడ్ల మీద అరుదు గానీ, లోకంలో 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైన కారు అది. మెక్సికోలోని ప్యూబ్లాలో 2003 జులై 30న ఆఖరి బండి బయటికొచ్చింది. దాని ఇంజన్ వెనక ఉంటుంది, నాలుగు సిలిండర్లు అటు రెండు ఇటు రెండు పడుకుని ఉంటాయి, చల్లార్చేది గాలే. ఇంజన్ చుట్టూతా రేకులు, రేకుల అంచున రబ్బరు పట్టీ. పైన చల్లగాలి గది, కింద సైలెన్సరూ సెగా ఉండే వేడి గది. ఈ రెంటికీ నడుమ ఉన్నది ఆ పల్చటి రేకు ఒక్కటే. దాని స్క్రూలు నాలుగు ఊడిపోయి సందు పడితే కింది వేడిగాలి పైకి ఎగబాకుతుంది, ఫ్యాన్ దాన్నే పీల్చి మళ్ళీ సిలిండర్ల మీద పోస్తుంది. ఇంజన్ తన సెగను తానే తాగుతుందన్నమాట. ఆ కారులో ఫ్యానూ డైనమో ఒకే ఇరుసు మీద ఉంటాయి కాబట్టి బెల్టు తెగితే డ్రైవర్ ముందు ఎర్రలైటు వెలుగుతుంది. రేకు వదులైతే వెలిగే లైటు మాత్రం ఏదీ లేదు. వేడి చూపించే ముల్లు కూడా పెట్టలేదు.

ఆ ఇంజన్‌లో మూడో సిలిండర్ కథ ఇంకా చిత్రం. ఆయిల్ చల్లార్చే కూలర్‌ను మొదట గాలిగూటి లోపలే నిలబెట్టారు. దాన్ని చల్లార్చి వేడెక్కిన గాలి మూడో సిలిండర్ వాటాకు వచ్చేది. పాపం, దాని తప్పేమీ లేదు, నిలబడ్డ చోటు అలాంటిది. 1971 మోడల్ నుంచి కూలర్‌ను ఆ గాలిగూటి బయటికి జరిపి, దానికి వేరే గూడు కట్టి, ఆ గాలిని వేరే దారిన బయటికి పంపారు. గాలి కొత్తగా పుట్టించలేదు. వాడిన గాలినీ వాడని గాలినీ విడదీశారు.

మనుషుల్లో కనిపించే ఉడుకులో సగానికి సగం ఇలాంటి సెగే అని నాకనిపిస్తుంది. మా బంధువుల్లో ఒక పెద్దాయన ఉన్నాడు. ఎప్పుడో ఒక పెళ్ళికి తనను బొట్టు పెట్టి పిలువలేదని ఆయన బాధ. ఆ పెళ్ళి పిల్లకు ఇప్పుడు పెళ్ళీడుకొచ్చిన పిల్లలున్నారు. అయినా దసరాకు జమ్మి పెట్టుకోవడానికి ఎవరింటికి పోయినా ఆ మాట వస్తుంది, చెబుతున్నంతసేపూ ఆయన మొహం నిన్ననే జరిగినట్టు ఎర్రబడుతుంది. జరిగిన అవమానం చిన్నది, ఒక్కరోజుది. దాని వేడి ఆనాడే చల్లారేది. బయటికి పోయిన ప్రతిసారీ మళ్ళీ లోపలికి పీల్చుకుంటున్నాడు కాబట్టి ఏటేటా కొత్తగా కాలుతోంది. విశ్రాంతి లేదనుకోవడానికి లేదు. తిరుపతి పోయొచ్చాడు, కొడుకు దగ్గరికి అమెరికా పోయి ఆరు నెలలు ఉండొచ్చాడు. అక్కడ కూడా వీడియో కాల్‌లో ఆ పెళ్ళి సంగతే. ఫ్యాన్‌లో లోపమేమీ లేదు.

ఊరికే చెప్పడం కాదు, దీనికి విరుగుడుగా బతికిన మనిషిని కూడా దగ్గరగా చూశాను. మా మేనమామ శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేశాడు. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయ్యాక ఈ పక్క నేలకు కాలువ నీళ్ళు పారాయి, చెరకు పెరిగింది, 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. సీజన్‌లో వర్ని, కోటగిరి, రుద్రూరు వైపు నుంచి చెరకు బండ్లు బారులు తీరేవి. మిల్లు దగ్గర చప్పుడు, ఆవిరి, మొలాసిస్ వాసన. మామ రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, వాకిట్లో బొక్కెన నీళ్ళతో కాళ్ళూ మొహం కడుక్కుని, చాయ్ తాగేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అత్త కూడా పలకరించేది కాదు. చిన్నప్పుడు మాకు అది కోపంలా కనిపించి భయమేసేది. కోపం ఉంటే ఉండేదేమో, ఆ కాసేపట్లో అది వాకిలి దాటి లోపలికి రాకుండా చూసుకునేవాడు. చాయ్ అయ్యాక ఆయన వేరే మనిషి. అలాగే ఇంట్లో ఎంత రాద్ధాంతం నడుస్తున్నా ఆ మాట మిల్లు గేటు లోపలికి తీసుకుపోయేవాడు కాదట, తోటివాళ్ళు చెప్పారు.

ఇక్కడ నన్ను నేనే ఆపి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. వాడేసినదంతా బయటికి పోవలసిందేనా? ఆ చక్కెర మిల్లే కాదంటుంది. చెరకు ఆడించగా మిగిలిన పిప్పిని అక్కడ పారేయరు. సగం తడితోనే అది బాయిలర్‌లోకి పోతుంది, దాని మంటకు పుట్టిన ఆవిరే మిల్లును నడిపిస్తుంది. చివరి మిల్లు పిండిన పల్చటి రసాన్ని దాని ముందు మిల్లులోకి పోయే పిప్పి మీద మళ్ళీ పోస్తారు, మిగిలిన తీపి కూడా దిగాలని. ఒకసారి అయిపోయినదాన్ని వదిలెయ్యడమే తెలివి అనుకుంటే చక్కెర ఫ్యాక్టరీ ఒక్క సీజన్ కూడా నడవదు.

2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. బోధన్‌లో నలుగురు పాత కార్మికులు కలిస్తే ఇప్పటికీ ఆ మాటే. 'అయిపోయిందేదో అయిపోయింది, మరిచిపోండి' అని వాళ్ళకు సలహా ఇచ్చేవాళ్ళంటే నాకు గిట్టదు. జీతం, క్వార్టర్, పిల్లల చదువు, చెరకు వేసిన రైతు అప్పు, ఇవన్నీ కలిసిన మాట అది. పెళ్ళికి పిలవలేదన్న మాటతో దాన్ని ఒకే గాట కట్టడం అన్యాయం. అర్జీ రాసి, ధర్నాలో కూర్చుని, నాయకుడి ముందు నిలబడి అడిగినవాడి కోపం పిప్పిలాంటిది. వేరే దారిన పోయి, వేరే పొయ్యిలో మండి, ఏదో ఒకటి తిప్పాలని చూస్తుంది. తిప్పుతుందా లేదా అన్నది వేరే సంగతి. మా బంధువు కోపం ఎక్కడికీ పోదు, వచ్చిన నోట్లోకే తిరిగి వస్తుంది.

చిక్కేమిటంటే రెండూ బయటికి ఒక్కలాగే ఉంటాయి. అదే గొంతు, అదే ఎర్రబడ్డ మొహం, అదే టీ హోటల్ బల్ల. మామ కూడా ఫ్యాక్టరీ మాట ఎత్తుతాడు. కొన్ని రోజులు మాట్లాడి లేచి అర్జీ పట్టుకుని ఎవరినో కలవడానికి పోతాడు. కొన్ని రోజులు మాట్లాడి మాట్లాడి, చాయ్ చల్లారాక కూడా అక్కడే కూర్చుంటాడు. ఈ రోజు ఏది అని ఆయన్ని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

మామ చేతక్ ఇంకా నడుస్తోంది. పోయిన ఎండాకాలం దాన్ని నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు పక్క షెడ్డుకు తీసుకుపోతే నేనూ వెంట వెళ్ళాను. "ఉస్తాద్, గీ చప్పుడేందో జర చూడు" అన్నాడు మామ. ఉస్తాద్ బండి స్టార్ట్ చేయించి, డోమ్ తీసి, రేకు మీద చెయ్యి అదిమి పట్టాడు. చప్పుడు ఆగింది. చెయ్యి తీశాడు, మళ్ళీ మొదలైంది. "రేకు లూజైంది సాబ్. హెడ్డు మీది నట్టు ఉంది గానీ, కింద బోల్టు లేనే లేదు. ఎవరో ఇప్పిండ్రు, మళ్ల పెట్టలే."

ఇంజన్ చల్లారేదాకా ఆగి రేకు ఊడదీశాడు. లోపలి వైపు ఆయిలూ దుమ్మూ కలిసి అట్ట కట్టి ఉన్నాయి, సిలిండర్ పలకల సందుల్లో కూడా అంతే. పాత స్క్రూడ్రైవర్‌తో ఒక్కో సందూ గీకి, కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో కడిగాడు. మామ రేకు బిగించడం గురించి అడుగుతుంటే ఆయన పలకల గురించే మాట్లాడాడు. గాలి లోపలికి రావడానికి దారి చేస్తే చాలదు, బయటికి పోయే సందు పూడుకుపోయినా అంతే నష్టమట. బోల్టు పడే చెవి దగ్గర రేకు ఊగి ఊగి రంధ్రం సాగిపోయింది, అంచున చీలిక. చీలికకు గ్యాస్ మీద ఇత్తడి పోయించాడు. కరెంటు వెల్డింగ్ పెడితే అంత పల్చటి రేకు కరిగి బొక్క పడుతుంది. సాగిన రంధ్రం మీద వెడల్పాటి వాషర్, దాని మీద స్ప్రింగ్ వాషర్. కింది వైపు అదురు తట్టుకోవడానికి పాత ట్యూబు ముక్క కోసి పెట్టాడు. హెడ్డు వైపు మాత్రం పెట్టలేదు, అక్కడి వేడికి రబ్బరు నిలవదు. బోల్టు బిగించేటప్పుడు పానాను కొసన పట్టకుండా మధ్యలో పట్టుకున్నాడు. కింద అల్యూమినియం, బలం చూపిస్తే చూడీలు పోతాయి. చివర్న మాగ్నెట్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఫ్యాన్ రెక్క ఎక్కడా రేకుకు రాసుకోవడం లేదని చూసి డోమ్ పెట్టేశాడు.

మేమింకా డబ్బులిస్తుండగానే ఒక కుర్రాడు ఇలాంటిదే పాత బండి తోసుకుంటూ వచ్చాడు. రేకు గడగడలాడుతోందని, తాను రోజూ వర్ని దాకా పోవాలని, ఆ చప్పుడు భరించలేకపోతున్నానని, అసలు రేకే తీసి పారేయమని అన్నాడు. ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ, "తీస్త తమ్మీ, అయిదు నిమిషాల పని" అన్నాడు. "గానీ వానలు పడేదాంక బస్సుల పోతవా మరి?"