ఊకెనే

"అవసరం" అన్న మాట వినబడితే చాలు, ఈ మధ్య నాకు ఎక్కడలేని అనుమానం పుట్టుకొస్తోంది. మనిషి మీద కాదు సుమా, మాట మీదే. నాలుగు నవలలు రాసి, ఆడవాళ్ళ మనసుల్లో గుట్లన్నీ నాకే తెలుసుననుకుని మురిసిపోయేదాన్ని. అలాంటి నాకు ఈ ఒక్క మాట ఎన్ని వేషాలు కడుతుందో తెలియడానికి చివరికి ఒక కంప్యూటర్ కావలసి వచ్చింది.

జరిగిందేమిటంటే, కోరుట్లలో మా చెల్లెలుంది. మా మరిది 18 ఏళ్ళుగా దుబాయిలో కట్టడాల పనిలో ఉన్నాడు. చెల్లెలు ఇంటి దగ్గర బీడీలు చుడుతుంది. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కున ఇది వింతేమీ కాదు. మగవాళ్ళు విమానమెక్కుతారు, ఆడవాళ్ళు చాట ముందు కూర్చుంటారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కట్టలు లెక్కపెట్టి పిల్లల్ని చదివిస్తారు. అటు ఎండా, ఇటు తంబాకు ఘాటూ కలిస్తే ఒక ఇల్లు.

వాళ్ళబ్బాయి డిగ్రీ చదువుతూ, పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాళ్ళ దగ్గర పని నేర్చుకున్నాడు. ఒక ఆదివారం పొద్దున్నే బస్సు దిగి మా ఇంటికొచ్చి, నేను పప్పు ఏరుకుంటున్న పళ్ళెం పక్కన ఓ కాగితం పెట్టాడు.

"పెద్దమ్మా, గిది నాకు అవసరం. నువ్వొక్క మాట చెప్తె అమ్మ ఒప్పుకుంటది."

కాగితం కింద మొత్తం చూశాను. లక్షా ముప్పై వేలు. పళ్ళెంలో పప్పూ రాళ్ళూ మళ్ళీ కలిసిపోయాయి.

కంప్యూటర్ అంటే టీవీలాగా అట్టపెట్టెలో కట్టి ఇచ్చే వస్తువనుకునే బి.ఏ. మనిషిని నేను. వాడు చెప్పినదాన్ని బట్టి అది వంట లాంటిదట, సరుకులు విడివిడిగా తెచ్చి మనమే కూర్చుకోవాలి. లెక్కలు చేసేది ప్రాసెసర్. భాగాలన్నిటినీ కలిపి కూర్చోబెట్టేది మదర్‌బోర్డు. ప్రాసెసర్ ఏ రకమో దానికి తగిన మదర్‌బోర్డే కావాలి, సంబంధాలు చూసినట్టే, అన్నీ బాగున్నా సాకెట్ కలవకపోతే పెళ్ళి లేదు. పని చేస్తున్నంతసేపూ చేతికందేలా పరుచుకునే చోటు ర్యామ్. దాచుకునే బీరువా ఎస్.ఎస్.డి. బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. అన్నిటికీ కరెంటు పంచేది పవర్ సప్లయి. ఇవన్నీ సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతే దుకాణాల వరసలో దొరుకుతాయట.

"గింత పెద్దది నీకెందుకురా?" అన్నాను.

వాడి దగ్గర జవాబులు తయారుగా ఉన్నాయి. "మన లంబాడిపల్లి సంగతి నీకు తెల్వదా పెద్దమ్మా?" అన్నాడు. తెలియకేం? మల్యాల మండలంలోని ఆ చిన్న ఊళ్ళో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో'ను మా వీధిలో చూడని ఇల్లు లేదు. పొలం పనులు చేసుకునే గంగవ్వ అందులో కనిపించి, 2020లో బిగ్ బాస్ ఇంటి దాకా వెళ్ళింది. తరువాత వాడు సిరిసిల్లకు వెళ్ళాడు. 2023లో వచ్చిన 'బలగం' తీసిన వేణు ఎల్దండి సిరిసిల్ల మనిషే కదా, మన మాటే కదా, మన చావింటి ముచ్చటే కదా అన్నాడు. నిజమే. ఆ సినిమా చూసి నేనూ కొంగు తడుపుకున్నాను. ఇంక కాదనడానికి నోరెక్కడిది? "చూస్తాలే" అన్నాను.

సాయంత్రం మా అమ్మాయి కళాశాల నుంచి వచ్చి ఆ కాగితం చూసింది. చూసి నవ్వింది.

"అమ్మా, ఇది పెళ్ళి వీడియోల కంప్యూటర్ కాదు. ఆటల కంప్యూటర్."

"అదెట్ల తెలిసింది నీకు?"

"కాగితమే చెప్తుంది గదా!"

ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' అన్న అక్షరం ఒకటుంది. ఇంటెల్ వాళ్ళ ప్రాసెసర్లలో ఆ అక్షరం ఉంటే, లోపలే ఉండవలసిన గ్రాఫిక్స్ భాగం పనిచేయదని అర్థమట. కాస్త చవకగా వస్తుంది. కెమెరాలు కుదించి నింపిన వీడియోను గబగబా విప్పి చూపడానికి ఆ భాగం ఎంతో సాయం చేస్తుంది. అంచేత ఎడిటింగ్ చేసేవాడు దాన్ని వదులుకోవడానికి వెనుకాడతాడు. ఆటలాడేవాడికి వేరే గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ ఉంటుంది గనక, లోపలిది ఉన్నా లేకున్నా ఒకటే. ఇక మానిటర్. సెకనుకు 180 సార్లు బొమ్మ మార్చేది రాసుకున్నాడు. పెళ్ళి వీడియోలో సెకనుకు ఉండేవి 25 బొమ్మలో, 30 బొమ్మలో. వాటికి 180 ఏం చేసుకోను? రంగు ఉన్నదున్నట్టు చూపే మానిటర్ కావాలి గాని, పసుపు గంధంలాగా, ఎర్రచీర నారింజలాగా కనబడితే పెళ్ళివారు ఊరుకుంటారా? ర్యామ్ 16 జీబీ. ఆటలకు సరిపోతుంది. ఫోర్ కే వీడియో కత్తిరించేవాళ్ళు 32 ఉంటే బాగుండునంటారు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం మొత్తం డబ్బులో సగం మింగేసింది. మిగిలిన దాంట్లో సర్దలేక పవర్ సప్లయి పేరూ ఊరూ లేనిది రాశాడు.

"అన్నిటికంటె తప్పు అదేనమ్మా," అంది మా అమ్మాయి. "అది పాడైతే పక్కనున్నవాటిని గూడ కాల్చుకపోతది. 80 ప్లస్ గుర్తు ఉన్నదైన తీసుకోవాలె. అంటె, గోడలకెల్లి తీసుకున్న కరెంటుల నూటికి 80 వంతులన్న భాగాలకు అందుతదని లెక్క."

ఎవరికీ కనబడని చోట ఉండి ఇంటిల్లిపాదికీ శక్తి పంచేదాని దగ్గరే పొదుపు చేస్తారన్నమాట. ఇది నాకు ఎవరూ వివరించనక్కరలేదు. మీకూ అక్కరలేదనుకుంటాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడు అబద్ధమాడాడా? పూర్తిగా అబద్ధమూ కాదు. పెళ్ళి వీడియోలు చేస్తాడు, నాకు నమ్మకమే. కాని నోరు పని అంటూంటే చెయ్యి ఆట రాసింది. ఆ సంగతి చెల్లెలికి చెప్పాలా, వద్దా? చెబితే పిల్లవాడి మీద చాడీ. చెప్పకపోతే చెల్లెలికి ద్రోహం. ఆ డబ్బులో ప్రతి వెయ్యీ మరిది ఎండలో నిలబడ్డ రోజులు, చెల్లెలు నడుం వంచిన సాయంత్రాలు. దేని కోసం ఇస్తున్నామో తెలుసుకునే హక్కు ఇచ్చేవాళ్ళకు ఉండొద్దూ?

న్యాయాధిపతిలాగా ఇంతవరకూ వచ్చి, నా చిన్ననాటి సంగతి గుర్తొచ్చి ఆగిపోయాను. కాలేజీ రోజుల్లో నోటుపుస్తకాలకని నాన్నను డబ్బులడిగి అద్దె నవలలు తెచ్చుకున్నదెవరు? నేనే. పెళ్ళయ్యాక "పిల్ల చదువుకోవడానికి" అని మేజాబల్ల కొనిపించి, పిల్ల పడుకున్నాక దాని మీద మొదటి నవల రాసిందెవరు? అదీ నేనే. పక్కగదిలో ఉన్న సాక్షిని పొద్దున్న అడిగాను, "నువ్వు లాప్‌టాప్ అడిగినప్పుడు ప్రాజెక్టు పని అన్నవు గదా?" అని. "అన్న. సినిమాలు చూద్దామని," అంది సిగ్గులేకుండా.

మీరూ ఒకసారి మీ బీరువా తెరిచి చూడండి. "శుభకార్యాలకు పనికొస్తుంది" అని కొన్న చీర, "వచ్చిపోయేవాళ్ళకు ఉండాలి కదా" అని కొన్న కప్పులు. "నాకిష్టం" అన్న ఒక్క కారణంతో కొన్నది ఏదైనా ఉందా? మన ఇళ్ళల్లో ఇష్టానికి తన పేరుతో తాను అడుక్కునే హక్కు లేదు. అందుకని అది అవసరం బట్టలు కట్టుకుని వస్తుంది. మనం పిల్లల్ని అబద్ధాలాడవద్దంటాం గాని, నిజం చెబితే ఇవ్వని ఇంట్లో అబద్ధం నేర్పిందెవరు?

అలాగని ఇష్టమంటే అన్నీ ఇచ్చెయ్యమనీ నేననను. నిజం చెప్పి అడిగినదానికి "ఇప్పుడు కుదరదు" అనవచ్చు, అది మర్యాదైన మాట. దొంగపేరుతో అడిగి తీసుకుంటే వచ్చేది వస్తువే గాని, దాని మీది సంతోషం సగమే. ఎవరైనా వెనకనుంచి చూస్తారేమోనన్న బెదురుతోనే ఆడుకోవాలి. నా మొదటి నవల రాసినన్నాళ్ళూ నేను తలుపు చప్పుడుకు ఉలిక్కిపడ్డాను.

అదీగాక పనికొచ్చేదీ పనికిరానిదీ అని గీత గీయడం మనవల్ల అవుతుందా? సిరిసిల్లలో మా మేనమామ మరమగ్గాల మధ్యనే ముసలివాడయ్యాడు. ఆ ఊరి నేత కళాకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారు, ఆయన కుమారుడు విజయ్ కూడా ఆ విద్య అందుకున్నారు. అగ్గిపెట్టెలో పట్టే చీర ఎవరికి అవసరం? కడవ ఎత్తుకునే మనిషి కట్టుకోగలదా? అయినా సిరిసిల్ల పేరు చెప్పగానే ఊరంతా గర్వంగా తలుచుకునేది ఆ చీరనే.

ఇంకో ముచ్చట. 1804లో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన చిల్లుల అట్టలతో మగ్గం మీద పూలు నేయించే ఏర్పాటు చేశాడు. ఆ అట్టల ఉపాయాన్నే తరువాత బాబేజ్ తన లెక్కల యంత్రానికి వాడుకోవాలనుకున్నాడు. 1843లో ఏడా లవ్‌లేస్ అనే ఆవిడ ఆ యంత్రం గురించి రాస్తూ దాన్ని జకార్డ్ మగ్గంతోనే పోల్చింది. అంటే ఈ కంప్యూటర్ వంశవృక్షంలో పూలచీర ఉంది. పువ్వు లేకపోయినా బట్ట ఒళ్ళు కప్పుతుంది. ఆ అక్కరలేని పువ్వు కోసం తాపత్రయపడకపోతే మా వాడు ఇవాళ ఏ కాగితం తెచ్చేవాడో!

మరుసటి ఆదివారం కోరుట్ల వెళ్ళాను. వాణ్ణి డాబా మీదికి తీసుకెళ్ళి, 'ఎఫ్' అక్షరం మీద వేలు పెట్టాను. వాడి మొహం పాలిపోయింది.

"అమ్మకు చెప్తవా పెద్దమ్మా?"

"నేను చెప్ప. నువ్వే చెప్పు. పనికెంత, ఆటకెంత, రెండు వరుసలు రాసి చెప్పు."

వాడు చాలాసేపు రాశాడు. కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. 'ఎఫ్' పోయింది. ర్యామ్ 32 అయింది. మానిటర్ రంగులు సరిగా చూపేది అయింది. పవర్ సప్లయికి పేరొచ్చింది. గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు దిగింది. ఆట వరుసలో ఆ కార్డు మీది కొంత డబ్బు మాత్రం మిగిలింది, దాని పక్కన "సోపతిగాండ్లతోని ఆడుకునుడు" అని రాశాడు. మొత్తం లక్షా పది వేలు.

కాగితం పట్టుకుని చెల్లెలి ముందు కూర్చున్నాడు. చెల్లెలు చాట మీంచి తల ఎత్తలేదు. వాడు రెండు వరుసలూ చదివాడు. చివరి మాట దగ్గర గొంతు తగ్గింది.

"నాకు తెల్వదానురా? రాత్రి పన్నెండింటికి ఫోన్ల ఎవల్ని కాల్చుతున్నవో గోడ అవతలికి ఇనవడదా?" అంది చెల్లెలు, వేళ్ళు ఆపకుండానే. "నువ్వెప్పుడు చెప్తవా అని చూస్తున్న. ఇగ మీ నాయినకు గూడ గిట్లనే, రెండు వరుసలు చదివి చెప్పు. ఆయన సరేనంటె కొనుక్కో. ఆట వరుసల పైసలు మాత్రం పెండ్లిల్ల సీజన్‌ల నువ్వే కట్టాలె."

వాడు ఫోను తీసుకుని బయటికి పరుగెత్తాడు. మేమిద్దరమే మిగిలాం. నేను ఆకు కత్తిరించబోతే కత్తెర లాక్కుంది, నాకు రాదని. కాసేపటికి, చాటలోని తంబాకును వేళ్ళతో సర్దుతూ అంది:

"అక్కా, నేను గూడ ఒక్కటి అడుగుత. నవ్వద్దు."

"అడుగు."

"నాకు స్కూటీ కావాలె."

"మంచిదే గదా! కార్ఖానకు బీడీలు తీస్కపోవచ్చు, బజారుకు..." అని నేను అలవాటు కొద్దీ కారణాలు అల్లుకుంటూ పోతున్నాను.

"కాదక్కా," అంది చెల్లెలు. "ఊకెనే. తిరిగెతందుకు."

ఆ మాట అనడానికి దానికి 41 ఏళ్ళు పట్టింది. నేను నవ్వలేదు.