రాగం పుట్టిందా, దొరికిందా?

పియానో మీద సి, ఈ, జి, బి ఫ్లాట్ మెట్లను ఒకేసారి నొక్కితే వచ్చే నాదాన్ని పాశ్చాత్యులు డామినెంట్ సెవెంత్ అంటారు. జాజ్ వాద్యకారులకు అది రోజూ చేతికి తగిలేదే. అవే నాలుగు స్వరాలను, అంటే షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదాలను ఒకదాని వెంట ఒకటి పలికిస్తే మహతి రాగం. దాన్ని సృష్టించింది తానేనన్నారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఎప్పటి నుంచో ఉన్న స్వరాలను ఏరి కూర్చినవారు సృష్టికర్త అవుతారా?

ఈ ప్రశ్న ఆయన పుట్టిన కోనసీమకు కొత్త కాదు. ఘనాపాఠీలకు పేరుపడ్డ ఆ సీమలో శబ్దం నిత్యమా, అనిత్యమా అన్నది శాస్త్రం చదువుకున్నవారికి పాత వాదమే. శబ్దం ఎప్పుడూ ఉంటుందని, గొంతు దాన్ని వెలికి తెస్తుందే తప్ప పుట్టించదని మీమాంసకులు అంటారు. వారి దృష్టిలో ఋషి మంత్రాన్ని దర్శించినవాడు, కర్త కాడు. నైయాయికులు దీన్ని ఒప్పుకోరు. శబ్దం పుడుతుంది, నశిస్తుంది అంటారు.

బాలమురళి 1930 జూలై 6న ఆ కోనసీమలోని శంకరగుప్తంలోనే పుట్టారు. తండ్రి పట్టాభిరామయ్య వేణువు వాయించేవారు. వీణ వాయించే తల్లి సూర్యకాంతమ్మ, బిడ్డ పొత్తిళ్లలో ఉండగానే కన్నుమూశారు. త్యాగరాజ శిష్య పరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర శిక్షణ, ఎనిమిదో ఏట విజయవాడలో కచేరీ. పదిహేనేళ్లు నిండే నాటికి 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టారు. పాటతో ఆగలేదు, వయొలా, మృదంగం, కంజీర కూడా వాయించారు.

ఆ 72 మేళకర్తల కథే మన ప్రశ్నకు మొదటి సాక్ష్యం. 17వ శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండీ ప్రకాశికలో ఆ లెక్క కట్టేనాటికి వాడుకలో ఉన్న మేళాలు 19 మాత్రమే. మిగిలినవి గోడలు లేచి కాపురాలు రాని ఇళ్లు. లెక్కలో అవి ఉన్నాయి, పాటలో లేవు. తర్వాత వచ్చిన వాగ్గేయకారులు, ముఖ్యంగా త్యాగరాజు, అలాంటి వాటిలో కొన్నింటికి ప్రాణం పోశారు.

1980లలో వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ బాలమురళి మాటను గట్టిగా ఎదిరించారు. రాగాలను ఎవరూ సృష్టించలేరని, రాగమన్నాక కనీసం ఐదు స్వరాలు ఉండాలని ఆయన పట్టు. శాస్త్రబలం లేని వాదం కాదది. నాలుగు, అంతకు తక్కువ స్వరాల పాటను మతంగుడి బృహద్దేశి మార్గ సంగీతంలో చేర్చదు. శబరులు, పులిందుల వంటి వారి గానానికి వదిలేస్తుంది. అయితే ఋగ్వేద పఠనం నడిచేది ఉదాత్త, అనుదాత్త, స్వరితాలనే మూడింటి మీద. నాలుగు స్వరాల గానాన్ని పాత గ్రంథాలు స్వరాంతరం అన్నాయి. అడవిలోని పాటకూ, యాగశాలలోని మంత్రానికీ చాలిన స్వరాలు కచేరీకి చాలవనడం న్యాయం కాదు.

మహతిని దగ్గరగా వింటే అసలు చిక్కు తెలుస్తుంది. రిషభం లేదు, మధ్యమం లేదు, ధైవతం లేదు. గాంధారం నుంచి పంచమానికి ఒక్క గెంతు, పంచమం నుంచి నిషాదానికి మరో గెంతు. మధ్యలో కాలు మోపడానికి స్వరం దొరకదు. గమకం కాస్త అదుపు తప్పితే లేని స్వరం వచ్చి పడుతుంది. ఆ ఇరుకులో ‘మహనీయ మధురమూర్తే’ అనే కృతి నిలబెట్టడం మెట్లు నొక్కినంత సులువు కాదు. 1975లో ‘అపూర్వ రాగంగళ్’ చిత్రానికి ఎం.ఎస్. విశ్వనాథన్ ఇదే రాగంలో పాట మొదలుపెట్టాక, సంగీతం నేర్వని వాళ్లూ దాన్ని కూనిరాగం తీశారు. స్వరాలు దొరికినవే, కాదనలేం. కానీ వాటిని జనం నోట పలికేలా చేసినవారిని కర్త అనకపోతే ఆ మాట ఇంకెవరికి వాడాలి?

భక్తుడు నాది అనవచ్చా అన్నది ఇంకా లోతైన ప్రశ్న. బాలమురళి తన కృతుల్లో మురళి ముద్ర వేసుకున్నారు, ఆ కృతులను దేవుడి ముందు పెట్టారు. ఇది అహంకారమని కొందరికి తోచింది. కానీ త్యాగరాజు కూడా చరణంలో తన పేరు చెప్పుకున్నారు, అది రాముడికి మొర పెట్టుకోవడానికే. మహతిలాగే తనదన్న మరో నాలుగు స్వరాల రాగం లవంగిలో బాలమురళి కట్టిన ‘ఓంకారాకారిణి’ అమ్మవారి మీద కృతి. రాగం తనదని లోకంతో వాదించిన మనిషి, ఆ రాగాన్ని అమ్మవారికే సమర్పించుకున్నారు.