గృహమున స్వాధ్యాయము

తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో, తొమ్మిదవ అనువాకమున, ఒక విశేషమైన కూర్పు కలదు. మానవుడు ఆచరింపవలసిన ధర్మములను ఋషి యొక్కొక్కటిగా చెప్పుచు పోవును. సత్యము, తపస్సు, ఇంద్రియనిగ్రహము, అగ్నిహోత్రము, అతిథిసేవ, తుదకు సంతానము. కాని దేనిని గాని ఒంటరిగా చెప్పి విడువడు. పండ్రెండు ధర్మములను పేర్కొని, పండ్రెండు మారులును వాని చెంతనే స్వాధ్యాయ ప్రవచనములను, అనగా చదువుటను, చదివినది యితరులకు చెప్పుటను, నిలిపెను. కడపటి ధర్మమైన ప్రజాతికి మనుమల పుట్టుక యని శంకర భగవత్పాదులు అర్థము వ్రాసిరి. బిడ్డలను కనుట, పెంచుట, వారి బిడ్డలను కన్నులార చూచుట అను గృహస్థుని కోరికల ప్రక్కనే గ్రంథపఠనము నిలిచియున్నది. ఆ యనువాకము చివర ముగ్గురు ఋషుల మతములు చెప్పబడినవి. ఒకరికి సత్యమే ప్రధానము, మరియొకరికి తపస్సు. ముద్గలుని పుత్రుడైన నాకుడు మాత్రము స్వాధ్యాయ ప్రవచనములే చాలును, అవియే తపస్సనెను.

పదునొకండవ అనువాకమున విద్య ముగించి యింటికి మరలుచున్న శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశము కలదు. స్వాధ్యాయమున ఏమరుపాటు కూడదని అందు ఒకటికి రెండు మారులు హెచ్చరిక. ఈ హెచ్చరిక గురుకులమున నున్నవానికి చేసినది కాదని గమనింపవలెను. గురుకులమున చదువు మానుటకు అవకాశమెక్కడిది? ఆ ప్రమాదము ఇంటిలోనే యున్నది. ఇల్లు కట్టుకొని, ఆలుబిడ్డలతో, ధనధాన్యముల చింతతో నున్నవాడే గ్రంథమును అటక మీద పెట్టి మరచును. ఋషి కిది బాగుగ తెలియును.

నేడు లోకమున వ్యాపించిన అభిప్రాయము దీనికి సరిగా వ్యతిరేకము. చదువు బడిలో జరుగవలసినది, ఇల్లు భోజనమునకును నిద్రకును ఏర్పడినది. బడికి రుసుము చెల్లించినచో తండ్రి ధర్మము తీరినది. ఇక పిల్లవాడు పుస్తకమనగా పరీక్షయనియు, పరీక్ష ముగిసిన మరునాడు దానిని పాతకాగితముల వానికి అమ్మవలెననియు తలచినచో తప్పు వానిది కాదు.

ఈ విషయము స్పష్టముగా కనబడు స్థలమొకటి కలదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున భిలాయి ఉక్కు నగరమును ఆనుకొని సుపేలా యను పేట యున్నది. 1955 ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వముతో జరిగిన ఒడంబడిక ననుసరించి భిలాయిలో ఉక్కు కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ దాని మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. దేశము నలుమూలల నుండి కార్మికులు అచ్చటికి చేరిరి. తెలుగువారికి ఆ త్రోవ అంతకు ముందే తెరచియున్నది. విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయపూరునకు రైలుమార్గము 1931 నాటికే పూర్తియయ్యెను. ఆ విధముగా ఉత్తరాంధ్రమునుండియు, ఇతర ప్రాంతములనుండియు వచ్చి స్థిరపడిన కుటుంబములలో నేడు మూడవ తరము, నాల్గవ తరము పెరుగుచున్నది.

ఆ పిల్లలు అమ్మతో తెలుగున మాటలాడుదురు. వీధిలో ఆట హిందీలో, లేదా ఛత్తీస్‌గఢీలో. బడిలో హిందీ గాని ఇంగ్లీషు గాని. దుకాణముల పలకల మీద నాగరలిపి. తెలుగునాట నున్న పిల్లవాడు ఇంట పుస్తకము లేకున్నను, బస్సు నుదుట ఊరి పేరు చూచి, గోడ మీది ప్రకటన చూచి రెండక్షరములు కూడబలుకుకొనగలడు. సుపేలా పిల్లవానికి ఆ యవకాశము లేదు. వాని తెలుగు చెవిలోనికి వచ్చును, నోట పలుకును, కంటికి మాత్రము కనబడదు. కనబడినచో ఇంటిలోనే కనబడవలెను. నాయనమ్మ వెంట తెచ్చుకొన్న పోతన భాగవతము దేవుని గూటిలో నున్నది. ఆమె దానిని రాగముతో చదువుచుండగా మనుమడు వినుటయు కలదు. ఆమె పిదప ఆ పుస్తకము పసుపు కుంకుమలతో పూజింపబడును గాని తెరువబడదు. ఇంతకంటె పెద్ద నష్టము మరియొకటి యుండునా? ఇల్లు కాలలేదు, దొంగలు పడలేదు. ఉన్న ధనము ఉన్నట్లే యుండి, వారసునకు తాళము తీయుట రాకపోయెను.

తెలుగు చదువుట వలన భిలాయిలో ఉద్యోగము వచ్చునాయని తండ్రులు ప్రశ్నింతురు. ప్రశ్న సహేతుకమే, రాదనియే ఉత్తరము. కాని తల్లి ఒడిలో కథ వినిన భాషలో పుస్తకము మీద ప్రీతి కలిగిన బిడ్డ, ఆ ప్రీతిని హిందీ పుస్తకము మీదికిని, ఇంగ్లీషు పుస్తకము మీదికిని తానే మోసికొనిపోవును. పుస్తకమనిన భయపడు బిడ్డకు ఏ భాషయు చుట్టము కాదు. అదియుగాక ఛత్తీస్‌గఢ్ గ్రామములలో నేటికిని మానస మండలులు కూడి తులసీదాసుని రామచరితమానసమును గానము చేయుదురు. పొరుగింటివాడు తన రామాయణమును విడువకయుండగా, తెలుగువాడు తన దానిని ఉద్యోగమునకై విడువవలసిన యగత్యమేమి?

సుపేలాకు తూర్పుగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున రాయపూరు కలదు. గృహమున చదువు ఎట్టిది కాగలదో తెలిసికొనుటకు ఆ నగరమే ఒక దృష్టాంతము. 1877వ సంవత్సరమున కలకత్తా హైకోర్టు న్యాయవాదియైన విశ్వనాథ దత్తుడు వృత్తి నిమిత్తము రాయపూరున నుండవలసి వచ్చి, కుటుంబమును అచ్చటికి పిలిపించుకొనెను. పెద్దకుమారుడైన నరేంద్రునకు అప్పుడు పదునాలుగేండ్లు. నాగపూరు దాటిన పిదప రైలు లేదు. ఎడ్లబండ్ల మీద అడవులగుండ ప్రయాణము. చేరిన పిదప చూడగా రాయపూరున ఆ బాలుడు చదువదగిన పాఠశాల లేదు.

నేటి తండ్రి యైనచో రెండేండ్లు వ్యర్థమయ్యెనని తల పట్టుకొనును. విశ్వనాథుడు అట్లు చేయలేదు. తన కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మాటలాడెను. పాఠ్యపుస్తకముల హద్దు దాటి, గంభీరమైన విషయములను ఎదిగిన వానితో చర్చించినట్లు చర్చించెను. బాలుడు తన యభిప్రాయముతో విభేదించినచో కోపగింపడు సరికదా, వాదమును కొనసాగనిచ్చెను. విద్య యనగా ఆలోచనను మేల్కొలుపుటయే గాని తన భావములను బిడ్డ నెత్తిన రుద్దుట కాదని ఆయన నమ్మకము. ఇంటికి వచ్చు పండితుల సంభాషణలను నరేంద్రుడు వినుచుండెను, ఒక్కొకప్పుడు పాల్గొనుచుండెను. తండ్రి మిత్రులలో వంగభాషా రచయిత యొకరు ఆ భాషలోని ప్రసిద్ధ గ్రంథములలో పెక్కింటిని ఈ బాలుడు చదివియుండుట చూచి ఆశ్చర్యపడెనని జీవితచరిత్రకారులు చెప్పుదురు. ఆ యింటనే చదరంగము నేర్చెను, తండ్రి వద్ద వంట నేర్చెను. 1879లో కలకత్తాకు మరలి, విడిచిన సంవత్సరముల పాఠములను ఒక్క సంవత్సరమున పూర్తిచేసి, ప్రవేశపరీక్షలో ప్రథమశ్రేణిలో నుత్తీర్ణుడయ్యెను. ఈ బాలుడే తరువాత స్వామి వివేకానందుడు.

రాయపూరు విమానాశ్రయమునకు 2012లో స్వామీజీ పేరు పెట్టిరి. మంచిదే. పేరు పెట్టుట సులభము. విశ్వనాథుడు చేసినట్లు బిడ్డ కొరకు సాయంకాలమున ఒక గంట కేటాయించుట అంత సులభము కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. విశ్వనాథుడు విద్యావంతుడు, ధనవంతుడు. కర్మాగారమున రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రికిని, తానే తెలుగు చదువ నేర్వని తల్లికిని ఇది సాధ్యమా? దీనికి సమాధానము శ్రీ శారదాదేవి జీవితమున లభించును. బాల్యమున కామారపుకూరులో ఆమె ఒక ప్రథమ వాచకమును చేతబట్టెను. రామకృష్ణుల మేనల్లుడు హృదయుడు దానిని లాగుకొనెను. ఆడువారు చదివినచో తుదకు నాటకములును నవలలును చదువుదురని వాని భయము. రామకృష్ణుల అన్నకుమార్తె లక్ష్మి మాత్రము తన పుస్తకమును విడువలేదు. ఆమె బడికి పోయి నేర్చుకొని వచ్చి, ఇంటిలో శారదాదేవికి నేర్పెను. ఆ చదువు అచ్చటనే ఆగెను. మరల 1885లో, శ్రీరామకృష్ణులు చికిత్సకై శ్యామపుకూరున నుండగా, శారదాదేవి దక్షిణేశ్వరమున ఒంటరిగా నుండిరి. అప్పుడు ముఖర్జీల యింటి బాలిక యొకతె గంగాస్నానమునకు వచ్చుచు, ఆమెకు పాఠము చెప్పి, అప్పగింత వినుచుండెను. ఆ గురువునకు శారదాదేవి యిచ్చిన దక్షిణ తోటలోని ఆకుకూరలు.

ఇందు గమనింపదగినది, రెండు మారులును బోధించినది పిన్న, నేర్చినది పెద్ద. చదువురాని తల్లి తన బిడ్డకు చదువు మీద ప్రీతి కలిగింపలేదనుట సత్యము కాదు. బిడ్డ యెదుట ఆమె పలక పట్టినచో చాలును. నేను నీకు నేర్పెదను అను మాటలో బిడ్డకు కలుగు సంతోషము, నీవు నేర్చుకొనుము అను మాటలో కలుగదు. సుపేలాలో ఎనిమిదేండ్ల బాలిక నాయనమ్మ వద్ద తెలుగు గుణింతము నేర్చి, నాయనమ్మకు హిందీ అక్షరములు నేర్పినచో, ఆ యింట ఇద్దరు గురువులు, ఇద్దరు శిష్యులు.

మరియొక ఆక్షేపణ భక్తుల వైపు నుండి వచ్చును. శ్రీరామకృష్ణులు గ్రంథములను గొప్పగా చూడలేదు గదా? పంచాంగమున వాన పడునని వ్రాసియున్నను, దానిని పిండినచో చుక్కయు రాలదని వారు చెప్పలేదా? చెప్పిరి. వారే ఒక ఉత్తరము కథయు చెప్పిరి. బంధువుల యింటినుండి వచ్చిన ఉత్తరము కనబడక, ఇంటివారందరు వెదకి వెదకి పట్టుకొనిరి. మిఠాయియు, వస్త్రమును పంపుమని అందున్నది. విషయము తెలిసిన పిదప ఉత్తరముతో పని లేదు. ఆ వస్తువులను సేకరించుటయే పని. ఈ కథను విని పుస్తకము అనవసరమని నిర్ణయించువారు కథలోని సగమును మరచుచున్నారు. ఉత్తరమును పారవేయక ముందు అందరు ఆత్రముతో వెదకిరి, దొరకిన పిదప చదివిరి. చదువ రానివాని చేతికి ఆ యుత్తరము దొరకినచో మిఠాయి ఎవరికి చేరును? శ్రీరామకృష్ణులు బాల్యమున పురాణకథలను స్వహస్తముతో ప్రతులు వ్రాసికొనిరి, ఊరివారికి ప్రహ్లాదచరిత్ర చదివి వినిపించిరి. వారు త్రోసివేసినది పాండిత్యగర్వమును, పఠనమును కాదు.

బలవంతమున ప్రీతి పుట్టదు. వివేకానందస్వామి ఖేత్రీలో నుండగా, వారు గ్రంథపుటలను వేగముగా త్రిప్పుట చూచి రాజా అజిత్ సింగు కారణమడిగిరి. చదువ నేర్చు బాలుడు మొదట ఒక్కొక్క అక్షరము మీద మనస్సు నిలిపి రెండు మూడు మారులు పలుకును, పిదప పదము, పిదప వాక్యము పట్టుబడును, అభ్యాసము పెరిగినకొలది పుట యంతయు ఒక్క చూపున గ్రహింపవచ్చునని స్వామీజీ వివరించిరి. ఆ వేగమునకు మూలము ఆ మొదటి అక్షరమునందలి నిదానము. తలిదండ్రులు తొందరపడుట ఇచ్చటనే. బిడ్డ ‘క’కు కొమ్మిచ్చిన ‘కు’ యని తడుముకొనుచుండగా, పొరుగింటి బిడ్డ ఎంత చదివెనో చెప్పి చిన్నపుచ్చుదురు. ఆ క్షణమున వాని మనస్సున పుస్తకము మూతపడును. తాను సెల్‌ఫోను చూచుచు బిడ్డను చదువుకొమ్మని కసరు తండ్రిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. బిడ్డలు చెప్పినది వినరు, చూచినది చేయుదురు.

మొదట వినిపింపవలెను. భువనేశ్వరీదేవి బాలనరేంద్రునకు రామాయణ భారతములను చదివి వినిపించిన పిదపనే ఆ బాలుడు గ్రంథములను తానై వెదకెను. గజేంద్రమోక్షమును నాయనమ్మ సగము చదివి, మొసలి పట్టు బిగించిన చోట ఆపి, వంటింటిలోనికి పోయినచో, తరువాత నేమయ్యెనో తెలిసికొనుటకు బిడ్డ తానే ఆ పుట మీదికి వంగును. దీనికి పది నిమిషములు చాలును. రాత్రి షిఫ్టు తండ్రికిని పగటిపూట పది నిమిషములు దొరకును.

పుస్తకము కొనుటకు వెసులుబాటు లేని యిల్లుండవచ్చును. కాని తెలుగువారింట గోడ మీద తెలుగు క్యాలెండరు సామాన్యముగా నుండును, ఊరి నుండి వచ్చిన చుట్టములు దానిని తెత్తురు. తిథి, వారము, నక్షత్రము, పండుగల పేర్లు అందు పెద్ద అక్షరములతో నుండును. ఆ పంచాంగమును పిండినచో వాన రాకపోవచ్చును, అక్షరములు మాత్రము రాలును. ఉదయమున దీపము వెలిగించు వేళ ఆ నాటి తిథిని బిడ్డచేత బిగ్గరగా చదివింపవచ్చును. తప్పు చదివినచో నవ్వక, మరల చదువుమనవచ్చును. కొంతకాలమునకు ఏకాదశి ఎప్పుడని నాయనమ్మ ఆ బిడ్డనే అడుగును.