పిల్లవాడు బడి మానేస్తే తప్పెవరిది?



మూలా నక్షత్రం రోజున మన గుడిలో జరిగే సామూహిక అక్షరాభ్యాసం నాకు ఎంతో ఇష్టమైన వేడుక. పళ్ళెంలో పోసిన బియ్యం మీద పసిబిడ్డ వేలు పట్టుకుని తండ్రో, తాతగారో ఓనమాలు దిద్దిస్తారు. ఆ బిడ్డకి అక్షరం రాదు, రాయాలన్న కోరికా ఉండదు, చూపంతా ప్రసాదం మీదే ఉంటుంది. అయినా అక్షరం పడుతుంది. చెయ్యి పట్టుకున్నవాళ్ళు ఉన్నారు కనుక. ఆ చెయ్యి మనం ఎన్నాళ్ళు పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి? కొంతకాలంగా ఈ ప్రశ్న నన్ను వేధిస్తోంది. దానికి కారణం మా ఇంట్లోనే ఉంది.

2022లో మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో చేరాడు. సెప్టెంబరు నుంచి సోమవారం పొద్దున కడుపునొప్పి అనటం మొదలుపెట్టాడు. నేను ఫ్యామిలీ డాక్టరుని కదా, చెయ్యవలసిన పరీక్షలన్నీ చేయించాను. రక్తపరీక్ష బాగుంది, అల్ట్రాసౌండ్ బాగుంది. "ఏమీ లేదు, పద, బస్సు వస్తోంది" అన్నాను. థాంక్స్ గివింగ్ నాటికి పదకొండు రోజులు బడి పోయింది. ఇదే బాధతో ఇతరుల పిల్లలు నా దగ్గరికి వస్తే, శని, ఆదివారాల్లో కూడా నొప్పి ఉంటుందా అని మొదట అడిగేది నేనే. మావాణ్ణి మాత్రం అడగలేదు. తెలియక కాదు, ఏం చెబుతాడోనన్న భయం. మన పిల్లల్లో ఇలాంటివి ఉండవన్న గర్వం కూడా కొంత. (ఈ వ్యాసం వాడికి చూపించి, సరే అన్నాకే పంపిస్తున్నాను.)

చివరికి బడిలో కౌన్సిలరు అడిగితే చెప్పాడట. లెక్కల్లో రెండు అధ్యాయాల దగ్గర వెనకబడ్డాడు. వాడి స్నేహితులంతా పై క్లాసుకి వెళ్ళిపోయారు. లంచ్ టైములో ఒక్కడే లైబ్రరీలో కూర్చునేవాడు. క్లాసులో చెయ్యెత్తి అడగటానికి సిగ్గు, ఇంట్లో చెప్పటానికి నేనంటే బెరుకు. లెక్క రాకపోవటం ముందా, దిగులు ముందా అంటే నేను చెప్పలేను. రెండూ ఒకదాన్నొకటి పెంచుకున్నాయి. ట్యూషన్ పెట్టిస్తే చాలుననుకునే తండ్రులకీ, కౌన్సిలింగ్ ఇప్పిస్తే చాలుననుకునే డాక్టర్లకీ (నేను రెండూనూ) ఈ సంగతి త్వరగా ఎక్కదు.

మన భాషలో ఒక మాట ఉంది: "వాడికి చదువు అబ్బలేదు." ఎంత హాయిగా అనేస్తామో చూడండి. ఆ వాక్యంలో ఎవరూ ఏమీ చెయ్యలేదు. బడి చెయ్యలేదు, ఇల్లు చెయ్యలేదు, ఊరు చెయ్యలేదు. చదువే రానంది. పై ఎత్తున "ఎవరి ప్రారబ్ధం వారిది" అని ముడి వేస్తాం.

మా ఊళ్ళో ఏడో తరగతి దాకా నా పక్కన కూర్చున్న స్నేహితుడి గురించి నేనూ ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. కామన్ పరీక్షలో ఇంగ్లీషు, లెక్కలు పోయాయి, మానేశాడు. నేను ఎంసెట్ రాసి, మెడిసిన్ చదివి ఈ దేశం వచ్చాను. వాడు అక్కడే ఆటో నడుపుతున్నాడు. కిందటిసారి సంక్రాంతికి వెళ్ళినప్పుడు మా అబ్బాయి సంగతి వాడికి చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఒరేయ్, మానేసిన నెల రోజులూ పుస్తకాల సంచి గూట్లోనే పెట్టుకున్నానురా. మాస్టారో, ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారనుకున్నాను. ఎవరూ రాలేదు. నువ్వు కూడా రాలేదు" అన్నాడు. కోపంగా అనలేదు. వాడి ఇల్లు మా ఇంటికి మూడు ఇళ్ళ అవతల.

అలా వెళ్ళి పిలవటమే పనిగా పెట్టుకున్నవారు మన తెలుగునేల మీదే ఉన్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా గారు, తన తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరు మీద 1981లో ఏర్పడిన సంస్థ ద్వారా, 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో జీతగాళ్ళుగా, పశువుల కాపర్లుగా ఉన్న పిల్లల్ని బడికి తెచ్చారు. బీదవాళ్ళు పిల్లల్ని చదివించరన్న మాటను వారు ఒప్పుకోలేదు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికుడిగానే లెక్కించారు. పదేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చి ఒకటో తరగతిలో కూర్చోబెడితే వాడు సిగ్గుతోనే పారిపోతాడు కదా. అందుకని కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, ఆటపాటలతో అక్షరాలకి అలవాటు చేసి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించారు. చేర్పించి వదిలెయ్యలేదు. పిల్లవాడు రాకపోతే ఊళ్ళో యువకులు ఇంటికి వెళ్ళి అడిగేవారు. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసె అవార్డు వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో కూడా, ఆలస్యంగా చేరిన పిల్లలకి వయసుకు తగ్గ తరగతి, అందుకు ప్రత్యేక శిక్షణ అన్న ఏర్పాటు ఉంది. అక్షరం రాకముందు సిగ్గు పోవాలన్న సంగతి వాళ్ళకి తెలిసినట్లు నాకు తెలియలేదు.

ఈ దేశంలో పరిశోధకులు చెప్పేదీ దాదాపు ఇదే. షికాగో విశ్వవిద్యాలయం వారు 2005లో చూపించినదేమంటే, తొమ్మిదో తరగతిని సక్రమంగా దాటిన పిల్లలు హైస్కూలు పూర్తి చేసే అవకాశం, తడబడిన పిల్లల కంటే మూడున్నర రెట్లు ఎక్కువ. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ బాల్ఫాంజ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ఇంకా వెనక్కి, ఆరో తరగతికి వెళ్ళింది. హాజరు తగ్గటం, లెక్కల్లోనో ఇంగ్లీషులోనో తప్పటం, బడి నుంచి సస్పెండ్ కావటం అనే గుర్తులు అప్పటికే కనిపిస్తాయట. అంటే పిల్లవాడు ఒకనాడు హఠాత్తుగా మానెయ్యడు. కొన్నేళ్ళపాటు కొంచెం కొంచెంగా మానేస్తాడు. ఏడాదిలో పదో వంతు రోజులు, అంటే సుమారు 18 రోజులు, పోగొట్టుకుంటే దాన్ని దీర్ఘకాలిక గైరుహాజరు అంటారు. కోవిడ్ ముందు ఈ దేశంలో 100 మందిలో 15 మంది అలా ఉంటే, 2021–22లో సుమారు 28 మంది అయ్యారు.

అయితే పిల్లవాడి బాధ్యత ఏమీ లేదా అని పెద్దలు అడుగుతారు. మా నాన్నగారూ ఫోన్లో అదే అడిగారు. "మేమేం కౌన్సిలింగులు ఇప్పించాం రా మీకు?" అన్నారు. నిజమే, ఆయన ఇప్పించలేదు, నేను చదువుకున్నాను. కానీ ఆ లెక్కలో నా పక్కన కూర్చున్నవాడు లేడు. బాధ్యత ఉండదని నేననను. జ్వరం ఉన్నవాణ్ణి పరిగెత్తమనటం బాధ్యత నేర్పటం కాదని మాత్రం అంటాను. మరీ గట్టిగా పట్టుకుంటే మాత్రం ఆ గీత మనదే అవుతుంది, పిల్లవాడిది కాదు. ఎంత పట్టుకోవాలో నాకింకా సరిగ్గా తెలియదు. మావాడి హోంవర్కు నేను చెయ్యబోయి రెండుసార్లు తిట్లు తిన్నాను.

తెలుసుకోవలసినవి ఒకటి రెండు చెబుతాను. 1973 నాటి చట్టంలోని 504వ సెక్షను కింద, చదువుకి అడ్డమయ్యేంత ఆందోళన గానీ, డిప్రెషన్ గానీ ఉన్న పిల్లలకి పబ్లిక్ స్కూలు కొన్ని వెసులుబాట్లు ఇవ్వాలి: పరీక్షకి అదనపు సమయం, విడిగా కూర్చునే గది, అవసరమైతే కౌన్సిలరు దగ్గరికి వెళ్ళే అనుమతి. ప్రమాణం తగ్గించరు, పాఠం అదే, పరీక్షా అదే. రికార్డులో పడితే కాలేజీ రాదేమోనని మనవాళ్ళు అడగటం మానేస్తారు. నేనూ ఒక సెమిస్టరు అలాగే పోగొట్టాను. కాలేజీకి వెళ్ళాక సంగతి ఇంకా కష్టం. 1974 నాటి మరో చట్టం ప్రకారం మార్కుల మీద హక్కు విద్యార్థిది, మామూలుగా వాళ్ళ అనుమతి లేకుండా కాలేజీ మనకి చెప్పదు. మానేసిన సంగతి ఇంట్లో ఏడాదికి తెలిసిన కుటుంబాలను నేనెరుగుదును. తెలిశాక వాళ్ళు గుడికి రావటం తగ్గించారు. ఎవరన్నా "మీవాడు ఏం చేస్తున్నాడండీ?" అని అడుగుతారని. ఆ ప్రశ్న అడిగేది మనమే, ప్రసాదం లైనులో నిలబడి. పిల్లలు మరీ నిరాశగా మాట్లాడితే 988కి ఫోను గానీ, టెక్స్టు గానీ చెయ్యవచ్చు. 2022 జులై నుంచి దేశమంతటా ఉంది, రాత్రీ పగలూ పలుకుతారు.

ఈసారి సరస్వతీ పూజ అయ్యాక, అక్షరాభ్యాసం జరిగే హాలు పక్కనున్న లైబ్రరీ గదిలో పదకొండు గంటల నుంచి నేను కూర్చుంటాను. రిటైరైన లెక్కల టీచరుగారు ఒకరు కూడా వస్తామన్నారు. తల్లిదండ్రులు రావచ్చు, పిల్లలు విడిగానూ రావచ్చు. పేర్లు రాసుకోము, మార్కులు అడగము. మా అబ్బాయి బయట చెప్పుల దగ్గర వాలంటీరుగా ఉంటాడు, దారి అడిగితే చూపిస్తాడు.