విరిగిన కుర్చీ ఎవరి పద్దు?

ఇంటికొచ్చిన చుట్టం కూర్చోగానే కుర్చీ కాలు విరిగింది. చుట్టం “అయ్యో, డబ్బు నేనిస్తాను” అంటాడు. ఇంటాయన “దెబ్బ తగల్లేదు కదా, అదే పదివేలు” అంటాడు. మాట అక్కడితో ముగుస్తుంది. ఖర్చు మాత్రం మిగిలే ఉంటుంది. అది ఎవరు పెట్టుకోవాలి?

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 151, 152 సెక్షన్లలో దీనికి దగ్గరి మాట ఒకటుంది. ఒకరి వస్తువును తన చేతికి తీసుకున్నవాడు, బుద్ధిగలవాడు సొంత వస్తువును చూసుకున్నట్టు దాన్ని చూసుకోవాలి. అలా చూసుకున్నా పాడైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, బాధ్యత అతనిది కాదు. ఇక కూర్చోమన్న కుర్చీలో కూర్చోవడం దాన్ని చేతికి తీసుకోవడం కూడా కాదాయె! పైగా పాత నులకమంచం తెగిందంటే చివర కూర్చున్నవాడొక్కడే తెంపినట్టా? ఏళ్ల తరబడి దానిమీద పడుకున్న ఇంటిల్లిపాదికీ అందులో వాటా ఉంది.

తిరుక్కురళ్ తొమ్మిదో అధికారం అతిథి మర్యాద గురించి. పది కురళ్లూ ఇంటివాళ్లకు చెప్పినవే. అతిథి ఏం చేయాలో అందులో లేదు. నాకు తృప్తి లేనిది ఇక్కడే.

కోవిల్‌పట్టి పక్క పల్లెలో అగ్గిపెట్టెల పనిమీద బతికే ఇల్లు ఒకటి అనుకుందాం. విరుదునగర్ బజారులో కొట్టున్న బావగారు సాత్తూరు మీదుగా బస్సులో వచ్చారు. ఇంట్లో ఉన్నవి రెండు చాపలు. ఇల్లాలు పక్కింట్లో కుర్చీ అడిగి తెచ్చి వేసింది. అది విరిగింది. ఇప్పుడు ఒకరి వస్తువును చేతికి తీసుకున్నది బావగారు కాదు, ఆవిడ. చట్టం ఏమన్నా సరే, పక్కింటికి కుర్చీ కొనిచ్చేదాకా ఆవిడకు నిద్ర పట్టదు. ఆ డబ్బు కూలిలోంచే పోవాలి. కుర్చీ ఎవరిదో బావగారికి తెలియదు, తెలియనివ్వరు కూడా. “వద్దులెండి” అన్న మాట కలిగిన ఇంట్లో మర్యాదే కావచ్చు, ఈ ఇంట్లో అది అప్పు.

కనుక ఇంటివాళ్లు అడగకూడదన్నది సరే, విరగ్గొట్టినవారు ఒక్కసారి “ఇస్తాను” అని ఊరుకోవడం మాత్రం సరికాదు. పెళ్లిలో మొయి రాసే నోటుపుస్తకం మన ఇళ్లలో ఉంది. ఎవరెంత పెట్టారో ఎన్నేళ్ల తర్వాతైనా తిరగేసి చూసుకుని, అంతకు తగ్గకుండా పెడతాం. ఇష్టంతో ఇచ్చిన దానికే అంత లెక్క ఉన్నప్పుడు, పొరపాటున పోగొట్టిన దానికి మనసులోనైనా ఒక పద్దు ఉండొద్దా?

చేతిలో డబ్బు పెడితే తీసుకోరు, చిన్నబుచ్చుకుంటారు. కొయ్య కుర్చీ అయితే వడ్రంగిని పంపవచ్చు. ప్లాస్టిక్‌ది అతకదు. వచ్చే పొంగలికి రెండు కుర్చీలు బస్సెక్కించి తెచ్చి, “మా కొట్లో ఊరికే పడున్నాయమ్మా” అని అబద్ధమైనా ఆడవచ్చు. విరిగింది ఎవరి కుర్చీయో ఆ ఇంటి పిల్లల్ని అడిగితే చెప్పేస్తారు. పక్కింటి బాకీ ఈలోగా తీరిపోయి ఉంటే, రెండూ ఆ ఇంట్లోనే ఉంటాయి.