ఆటలో సోదరునిపై ఆయుధం గురిపెట్టవచ్చునా?

ఇస్లాం మానవ సహజ ధర్మం. మనిషిని నవ్వవద్దని, ఆడవద్దని అది శాసించలేదు. దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఒకసారి ఆమె గెలిచారు, మరోసారి ఆయన గెలిచారు. అయితే విశ్వాసి పనికి ఎలా హద్దులుంటాయో, అతని ఆటకూ అలాగే హద్దులుంటాయి. కొత్త ఆట ఏది వచ్చినా ఆ హద్దుల గీటురాయిపై దాన్ని పరీక్షించి చూడటం మన బాధ్యత.

అలాంటి కొత్త ఆటల్లో ‘ఎయిర్‌సాఫ్ట్’ ఒకటి. దీని పుట్టిల్లు జపాన్. అసలు తుపాకులపై కఠిన ఆంక్షలున్న ఆ దేశంలో, చూడటానికి అచ్చం అసలు ఆయుధంలా ఉండే బొమ్మ తుపాకులు 1970, 80 దశకాల్లో తయారయ్యాయి. తర్వాత అవి బ్రిటన్, అమెరికా తదితర దేశాలకు పాకాయి. స్ప్రింగుతోనో, గ్యాసుతోనో, బ్యాటరీ మోటారుతోనో ఇవి పనిచేస్తాయి. వీటిలోంచి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు వెలువడతాయి. పాత గిడ్డంగుల్లో, పెద్ద హాళ్లలో గోడలు, గదులు, ద్వారాలు అమర్చి, మసక వెలుతురులో రెండు జట్లు ఒకరినొకరు వెతుక్కుంటూ కాల్చుకుంటారు. చదువుల కోసం, ఉద్యోగాల కోసం ఆ దేశాలకు వెళ్లిన మన యువకులు కూడా సెలవు దినాల్లో ఈ ఆటకు వెళుతున్నారు. “ఆటలోనే కదా, సోదరునిపై తుపాకీ గురిపెడితే తప్పేమిటి?” అన్నది వారి ప్రశ్న. “ఆటలోనైనా సరే, దైవప్రవక్త (స) దీన్ని వారించారు కదా!” అన్నది వారి తల్లిదండ్రుల ఆందోళన. రెండూ తేలిగ్గా తీసిపారేయదగినవి కావు.

రెండు రకాల హదీసులు

మొదట తల్లిదండ్రుల ఆందోళనకు ఆధారమైన హదీసులను చూద్దాం. ఎవరూ తన సోదరుని వైపు ఆయుధం చూపరాదని, షైతాను దాన్ని చేతినుంచి జార్చి అతణ్ణి నరకాగ్నిలో పడవేయవచ్చని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ముస్లిం గ్రంథంలోని మరో హదీసు ప్రకారం, తన సోదరుని వైపు ఇనుప ఆయుధం చూపినవాణ్ణి దైవదూతలు శపిస్తూ ఉంటారు. ఆ ఎదుటి వ్యక్తి తోడబుట్టినవాడైనా సరే. ఒక ముస్లిం మరో ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదన్న హదీసు అబూదావూద్‌లో ఉంది. ఒక ప్రయాణంలో నిద్రిస్తున్న సహచరుని తాడును మరొకరు సరదాగా తీయబోగా, అతను ఉలిక్కిపడి లేచిన సందర్భంలో ఈ మాట వచ్చింది. అంటే అక్కడ ఉన్నది పగ కాదు, పరిహాసమే.

ఇక రెండో వైపు చూద్దాం. పండుగ రోజున అబిసీనియా వాసులు మస్జిదె నబవీలో డాళ్లతో, బల్లేలతో ఆడారు. దైవప్రవక్త (స) చూస్తూ నిలబడ్డారు, హజ్రత్ ఆయిషా (రజి)కి కూడా చూపించారు. హజ్రత్ ఉమర్ (రజి) వారిని ఆపడానికి గులకరాళ్లు అందుకుంటే, వారి మానాన వారిని ఆడనివ్వమన్నారు. అస్లం తెగవారు విలువిద్యలో పోటీపడుతుండగా ఆయన వారిని ఉత్సాహపరచి, తాను ఒక జట్టు వైపు ఉన్నానన్నారు. రెండో జట్టు చేతులు కట్టేసుకుంది. అప్పుడు తాను అందరి వైపూ ఉన్నానని చెప్పి మళ్లీ వేయించారు.

అయితే ఒక తేడాను దాచకూడదు. అస్లం తెగవారు బాణాలు వేసింది గురిపైనే గాని ఒకరిపై ఒకరు కాదు. అబిసీనియా వారి ఆటలో డాళ్లు ఉన్నాయంటే ఎదురూ బెదురూ ఉన్నాయని అర్థమవుతుంది. అంతమాత్రాన వారు పరస్పరం గుండెలకు గురిపెట్టుకున్నారని చెప్పలేం. కాబట్టి ఈ హదీసులు చూపి ఎయిర్‌సాఫ్ట్‌కు నేరుగా అనుమతి ఉందనడం తొందరపాటు అవుతుంది.

నిషేధానికి కారణం

ఇలాంటి చోట ధర్మశాస్త్ర పండితులు ఆదేశం వెనుక ఉన్న కారణాన్ని, అంటే ‘ఇల్లత్’ను వెతుకుతారు. ఈ నిషేధం పరిహాసానికి కూడా వర్తిస్తుందని ఇమాం నవవీ (రహ్మలై) స్పష్టంగా రాశారు. దానికి ఆయన చూపిన కారణాలు రెండు: ముస్లింను భయభ్రాంతుణ్ణి చేయడం ఎట్టి పరిస్థితిలోనూ నిషిద్ధం; ఆయుధం చేయిజారి గాయపరచవచ్చు. అంటే భయం ఒకటి, హాని మరొకటి.

ఇప్పుడు ఆట ప్రాంగణంలోకి వెళ్లి చూద్దాం. అక్కడ ఎదుటివాడు నిద్రపోతున్న సహచరుడు కాదు. అతనూ తుపాకీ పట్టుకుని, నియమాలు విని, ఒప్పుకుని వచ్చినవాడే. అతనికి కలిగేది ఆటలోని ఉత్కంఠే తప్ప ప్రాణభయం కాదు. కుస్తీలో ఎదుటివాణ్ణి నేలకు పడవేయడం దాడి కానట్లే, ఇక్కడ గురిపెట్టడమూ బెదిరింపు కాదు. కనుక మొదటి కారణం ప్రాంగణం లోపల, ఒప్పుకున్నవారి మధ్య తొలగిపోతుందని చెప్పవచ్చు. శాపం మాట విన్న తర్వాత జాగ్రత్త కోసం ఈ ఆటకే దూరంగా ఉంటామనే వారిని తప్పుపట్టరాదు. అది తఖ్వా మార్గం. కాని ఆడే ప్రతివాడూ శాపగ్రస్తుడేనని తీర్పు చెప్పడానికి కూడా మనం సాహసించరాదు.

ఒప్పుకోలు ఎంతవరకు చెల్లుతుంది?

మరి రెండో కారణమైన హాని? “ఎదుటివాడు ఒప్పుకున్నాడు కదా” అన్న జవాబు ఇక్కడ చెల్లదు. ఎందుకంటే మన శరీరానికి మనం యజమానులం కాము. కన్ను అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. వినికిడి, చూపు, హృదయం అన్నింటి గురించీ లెక్క అడగబడుతుందని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయతులో హెచ్చరించింది. “నా కన్ను పోయినా ఫర్వాలేదు, కాల్చు” అనే అధికారం మనిషికి లేదు.

ఈ విషయంలో ఒక హదీసు ఈ ఆట కోసమే చెప్పబడిందా అన్నంత దగ్గరగా ఉంది. వేళ్ల మధ్య గులకరాయి ఉంచి విసరడాన్ని దైవప్రవక్త (స) వారించారు. అది వేటను చంపదు, శత్రువును నిలువరించదు, కాని పన్ను విరగగొడుతుంది, కన్ను పోగొడుతుంది అని కారణం తెలిపారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముగఫ్ఫల్ (రజి) ఈ హదీసును వినిపించిన తర్వాత కూడా ఒక వ్యక్తి రాళ్లు విసరడం మానకపోతే, ఇక నీతో మాట్లాడనని అన్నారు. అంత చిన్న రాయి విషయంలో అంత పట్టుదల!

ఎయిర్‌సాఫ్ట్ గుండు కూడా సరిగ్గా అలాంటిదే. సాధారణంగా వాడే గుండు బరువు 0.20 గ్రాములు. అది 1 జౌల్ శక్తితో వెలువడితే దాని వేగం సెకనుకు 100 మీటర్లు, అంటే గంటకు 360 కిలోమీటర్లు. బట్టల మీద తగిలితే చురుక్కుమంటుంది, అంతే. అదే కంట్లో తగిలితే లోపల రక్తస్రావం కావచ్చు, రెటీనా ఊడిపోవచ్చు, చూపే పోవచ్చు. అందుకే ప్రభుత్వాలు దీని శక్తికి పరిమితి విధించాయి. బ్రిటన్‌లో 2017 నాటి చట్టం ప్రకారం ఆగకుండా పేలే తుపాకీకి 1.3 జౌళ్లు, ఒక్కొక్కటిగా పేలే దానికి 2.5 జౌళ్లు మించరాదు.

కాబట్టి కళ్లను పూర్తిగా కప్పే, గుండు తాకిడికి పగలని కళ్లద్దాలు ధరించడం ఇక్కడ ప్రాంగణం వారి నియమం మాత్రమే కాదు, ధర్మం విధించిన బాధ్యత కూడా. చెమటకు అద్దాలు మసకబారినా ఆట మధ్యలో వాటిని తీయరాదు. పన్ను కోసం ముఖ కవచం కూడా అవసరమే. పోట్లాటలో సైతం ముఖంపై కొట్టవద్దన్న ప్రవక్త (స) అనుచరులు ఆటలో ముఖానికి గురిపెట్టడం ఏం న్యాయం? నాలుగు గోడల మధ్య దూరాలు తక్కువ. అందుకే చాలా ప్రాంగణాల్లో, ఎదుటివాడు మరీ దగ్గరగా చిక్కితే కాల్చకుండా నోటితో చెప్పి ఓడించే పద్ధతి ఉంది. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్సాన్‌ను, అంటే ఉత్తమ వైఖరిని విధిగా చేశాడని, జంతువును జిబహ్ చేసేటప్పుడు కూడా దాన్ని పాటించాలని బోధించిన ధర్మం మనది. కాల్చగలిగీ కాల్చకుండా ఉండటం ఆ ఇహ్సాన్‌లోని భాగమే. ఈ రక్షణ లేని చోట ఆడటం మాత్రం ధర్మసమ్మతం కాదు.

ఎవరూ చూడని చోట

ఈ ఆటలో మరో పరీక్ష కూడా ఉంది. బహుశా అన్నిటికంటే పెద్దది అదే. పెయింట్‌బాల్‌లో దెబ్బ తగిలితే బట్టలపై రంగు పడుతుంది. ఎయిర్‌సాఫ్ట్ గుండు ఏ గుర్తూ వదలదు. తగిలిందో లేదో తగిలినవాడికే తెలుసు. అతను తనంతట తానే చేయెత్తి, తగిలిందని బిగ్గరగా చెప్పి తప్పుకోవాలి. అదే ఆట నియమం. మసక వెలుతురులో, గోడ చాటున, ఎవరూ చూడనప్పుడు అతను ఊరుకుంటే అడిగేవారుండరు.

కాని చూసేవాడు ఒకడున్నాడు! ఇహ్సాన్ అంటే అల్లాహ్‌ను చూస్తున్నట్లుగా ఆరాధించడమని, అది సాధ్యం కాకపోతే ఆయన నిన్ను చూస్తున్నాడని గ్రహించడమని జిబ్రయీల్ (అలై) అడిగిన ప్రశ్నకు దైవప్రవక్త (స) జవాబిచ్చారు. మన యువకుడు ప్లాస్టిక్ గుండు తగిలిందన్న చిన్న నిజాన్ని గెలుపు కోసం దాచిపెడితే, రేపు కొట్టులో తూకం దగ్గర, కార్యాలయంలో లెక్కల దగ్గర ఏ నిజం చెబుతాడు? పరిహాసానికైనా అబద్ధం ఆడవద్దన్న ధర్మం, ఆటలోనైనా అబద్ధం ఆడనివ్వదు. ఈ పరీక్షలో నెగ్గినవాడు ఆటలో ఓడినా లాభపడ్డవాడే.

ప్రాంగణం వెలుపల

లోపల ఏ కారణంతో సడలింపు లభించిందో, వెలుపల ఆ కారణం ఉండదు. వీధిలో నడిచేవాడు నియమాలు వినలేదు, ఒప్పుకోలేదు. అతనికి అది బొమ్మ అని తెలియదు. కనుక ఇంట్లో తమ్మునిపైన, వీధిలో స్నేహితునిపైన గురిపెట్టి నవ్వడం హదీసు వారించిన పనే. ఫోటో కోసమైనా సరే.

2014 నవంబరు 22న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో తామిర్ రైస్ అనే 12 ఏళ్ల బాలుడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ తుపాకీతో ఉన్నాడు. అది బొమ్మ అని తెలిపే నారింజ రంగు కొస దానికి లేదు. వచ్చిన పోలీసు సెకన్లలోనే కాల్చాడు. మర్నాడు ఆ పసివాడు మరణించాడు. నేరం ఎవరిదన్న చర్చ వేరు. కాని బొమ్మకూ ఆయుధానికీ తేడా కనబడని చోట ఏమి జరుగుతుందో ఈ సంఘటన చూపుతుంది. మసీదులో, బజారులో నడిచేటప్పుడు ఎవరికీ గీసుకోకుండా బాణాల మొనలు పట్టుకోవాలని, ఒరలేని ఖడ్గాన్ని చేతికి అందించరాదని దైవప్రవక్త (స) ఊరికే చెప్పలేదు. ఆయుధమైనా, ఆయుధ రూపమైనా కప్పి ఉంచి తీసుకువెళ్లాలి. నివసించే దేశపు చట్టాన్ని పాటించాలి. బ్రిటన్‌లో తగిన కారణం లేకుండా బొమ్మ తుపాకీతో బహిరంగ ప్రదేశంలో తిరగడం నేరం.

మరికొన్ని విషయాలు

ఓడిన జట్టు అందరి రుసుమూ కట్టాలనే ఒప్పందం జూదం కిందికి వస్తుంది. ఎవరి రుసుము వారే చెల్లించాలి. ఆట కోసం నమాజు వేళ తప్పరాదు. ఏదో ఒక జాతినో, మతాన్నో శత్రువుగా నిలిపి, వారి వేషం వేసి కాల్చే ఆట ఆడరాదు. అది హృదయంలో ద్వేషాన్ని నాటుతుంది. విలువిద్యను ప్రోత్సహించే హదీసులను చూపి ఈ వినోదానికి పుణ్యకార్యమన్న పేరు పెట్టడమూ సరికాదు. ఆటను ఆటగానే ఆడాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ అబ్బాయి ఈ ఆటకు వెళ్లాడని తెలిస్తే కోపంతో ఫోను పెట్టేయకండి. కళ్లద్దాలు తీయలేదు కదా అని అడగండి. గుండు తగిలినప్పుడు ఎవరూ చూడకపోయినా చేయెత్తావా అని అడగండి. ఈ రెండు ప్రశ్నలూ అతని కంటినీ, ఈమాన్‌నూ కాపాడతాయి.

అల్లాహ్ మన సంతానానికి ఆటలోనూ, పనిలోనూ సత్యసంధతను ప్రసాదించుగాక! వారి చేతుల నుంచి, నోటి నుంచి తోటి మానవులను సురక్షితంగా ఉంచుగాక! ఆమీన్.